ముప్పైకి పదకొండు

వరంగల్ పెద్ద దవాఖానల ఇరవై మూడో నంబరు గది.
ఫ్యాను తిరుగుతది, గాలి రాదు.
నా ముందు జమ్కుబాయి. కార్డు మీద డెబ్బై రెండేండ్లు,
ఆమె లెక్కల
పాకాల మత్తడి దుంకిన ఏడు పుట్టిన పిల్ల.
నా చేతుల ఫారం. ముప్పై మార్కులు.
మతి ఎంత మిగిలిందో తూచే తక్కెడ.

"ఇయ్యాల తారీఖు ఎంత?"
"మిర్చి రెండో ఏరుడు అయిపోయింది బిడ్డా."
సున్నా.

"నూరుల నుంచి ఏడు తీసెయ్యి."
"ఎందుకు తియ్యాలె?
తరుగా, కమీషనా, హమాలీ కూలా?
ఎనుమాముల కాంటా కాడ గూడ
చెప్పే తీస్తరు గదా!"
వెనుక నిలబడ్డ మనుమడు కిసుక్కున నవ్విండు.
నేను నవ్వలే. సున్నా.

"గడియారం బొమ్మ గియ్యి."
పెన్సిలును సూది లెక్క పట్టుకున్నది.
గుండ్రంగ ఒక గీత. దాని చుట్టు
దగ్గర దగ్గర పొట్టి గీతలు,
పన్నెండు గావు, ఇరవై నాలుగు.
ముల్లులు లేవు.
గడియారం గాదని రాసిన.

అప్పుడు డాక్టరు సారు తల లేపిండు:
"ఇందాక మూడు మాటలు చెప్పినం, యాది ఉన్నదా అవ్వా?"
ఆమె మొఖం ఒక్కసారి మెత్తబడ్డది.
"యాడి? లేదు సారూ.
నా ఫేటియాకు అద్దాలు కుట్టుడు సగంల ఉండంగనే
పోయింది. కలరా."
సారు నా దిక్కు చూసిండు.
సంబంధం లేని జవాబని రాయమన్నడు.
రాసిన.

యాది అంటె ఊరోళ్లకు జ్ఞాపకం.
యాడి అంటె మాకు అమ్మ.
మాకు అంటున్న ఇప్పుడు.
ఆ గదిల అనలే.
హన్మకొండ హాస్టల్ల మొదటి ఏడే
నాలుక మీది తండాను కడుక్కొని
పేరు గూడ మార్చుకున్న.
పండ్లకు తగిలే దకు, పైకి మడతపడే డకు నడుమ
నాలుక జరిగే జాగ ఎంత?
గా సందుల ముసలామె మార్కులు రాలుతుంటె
పెన్నుకు మూత పెట్టి ఊకున్న.

పదకొండు.

ఆమె తర్వాత నక్కలగుట్ట రిటైర్డు హెడ్మాస్టరు.
నూరుల నుంచి ఏడేడు మెట్లు
రెండు దాక గడగడ దిగిండు.
గడియారం అచ్చు గుద్దినట్టు. ఇరవై ఎనిమిది.
బయటికి పోయి మళ్ల లోపలికొచ్చి
"పరీక్ష ఎప్పుడు మొదలుపెడతరమ్మా?" అన్నడు.
కోడలు కొంగు అంచు చూసుకున్నది.
ఆ ప్రశ్నకు ఫారంల గడి లేదు.

రిపోర్టుల నిలువు గీతలు వచ్చినయి,
తెగకో రంగు.
మా రంగు అందరికన్న పొట్టిది.
'వీరిలో మతి ముందుగానే తగ్గుతున్నది.'
టైపు చేసింది నేనే.

ఆదివారం నర్సంపేట బస్సెక్కిన.
నులక మంచం మీద జమ్కుబాయి, ఒడిల కాంచళి.
పదేండ్లకు నోరు తెరిచి మా మాటల అడిగిన.
ఎవల ఎద్దు ఎవల చేన్ల పడ్డదో,
ఏ నాయక్ ఎంత తప్పు కట్టిచ్చిండో,
అండ్ల ఎన్ని రూపాయలు ఇయ్యాల్టికి బాకీనో
కాలువ తెరిచినట్టు చెప్పింది.
నేను లోపల్లోపల మార్కులు కలుపుతున్న,
పదహారు, ఇరవై, ఇరవై రెండు...

అప్పుడు కాంచళి దిక్కు చూపు పోయింది.
గుండ్రటి అద్దం. చుట్టు ఇరవై నాలుగు కుట్లు.
ఆమె గీసింది గదే. మొద్దును నేను.
దాని పక్కన ఇంకో అద్దం రావాలె.
రాలే.
సూది మళ్ల అదే అద్దం చుట్టు తిరుగుతున్నది,
కుట్టు మీద కుట్టు, పొర మీద పొర.
దారం మందమై, అద్దం
శెనగబద్దంత మిగిలింది.

"ఎవల బిడ్డవే నువ్వు?"
అమ్మ పేరు చెప్పిన. "ఓ, ఆమె బిడ్డవా!"
సూది దించింది, అదే రంధ్రంల.
జరసేపటికి, "ఎవల బిడ్డవే నువ్వు?"

అంటె పోతున్నది. నిజంగనే పోతున్నది.
మేం ఎతికిన కాడ గాదు.
ఏ గడిల రాయాలె దీన్ని,
ఏ భాషల?

చీకటి పడెదాక మంచం కోడు పట్టుకొని కూసున్న.
మూడోసారి అడిగినప్పుడు
నా పాత పేరు చెప్పిన.